ఏసీ గ్యాస్ అయిపోదు

మార్చి నెలాఖరు వచ్చిందంటే కారున్నవాళ్ల మధ్య ఒక మాట తిరుగుతుంది. ‘‘ఏసీలో వేడిగాలి వస్తోందా? గ్యాస్ అయిపోయుంటుంది, కొట్టించెయ్.’’ చెప్పేది బావమరిది కావచ్చు, పక్క ఫ్లాటాయన కావచ్చు, ఆఫీసు డ్రైవరు కావచ్చు. వినేవాడు మారు మాట్లాడడు. బండి తీసుకెళ్లి ఏసీ షెడ్డు ముందు ఆపి, ‘‘గ్యాస్ కొట్టవయ్యా’’ అంటాడు. ఏమైందో చూడవయ్యా అనడు. రోగం పేరు తనే చెప్పి, మందు పేరూ తనే చెప్పి, డబ్బులిచ్చి అరగంటలో చల్లగా బయటపడతాడు. మళ్లీ మార్చి రానే వస్తుంది.

ఇంత ధీమాగా చెలామణీ అయ్యే తప్పుడు మాట మన రోడ్ల మీద మరొకటి లేదని నా అభిప్రాయం. చదువులేని డ్రైవర్ల అపోహ అని తోసేయడానికీ లేదు. పిల్లలకు ఫిజిక్సు చెప్పే మాస్టార్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఏ తప్పు ఎక్కడ దొర్లిందో గంటల తరబడి వెతికే ఇంజనీర్లు కూడా కారు దగ్గరికొచ్చేసరికి ‘ఏడాదికోసారి గ్యాస్’ అనే ఆచారానికి తలొగ్గేస్తారు. కాబట్టి మొదలే నరకాలి.

పెట్రోలు మండిపోతుంది. బ్రేకు ప్యాడ్లు అరిగిపోతాయి. ఇంజన్ ఆయిలు పాడైపోతుంది. ఏసీ గ్యాసుకు ఈ మూడింటిలో ఏదీ జరగదు. మన దేశంలో తిరిగే కార్లలో ఎక్కువ వాటిలో ఉండేది ఆర్-134ఏ. చిన్న కారులో అది నాలుగైదు వందల గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. మామూలు గాలి ఒత్తిడిలో వదిలితే సున్నాకు 26 డిగ్రీలు కిందే మరిగిపోయే రసాయనం అది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. గ్రిల్లు వెనకున్న కండెన్సర్లో ఆ వేడిని బయటి గాలికి వదిలేసి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్న దారి దాటగానే ఒత్తిడి పడిపోయి, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్లో మరుగుతూ కారులోని వేడిని పీల్చుకుంటుంది. ఆవిరై మళ్లీ కంప్రెసర్ దగ్గరికే వస్తుంది. ఈ తిరుగుడులో ఎక్కడా ఒక్క గ్రాము ఖర్చు కాదు. మోసుకెళ్లేది వేడిని, మోసేది గ్యాసు. మోసినందుకు కూలి కంప్రెసర్ ద్వారా ఇంజన్ కడుతోంది.

మరి గ్యాసు తగ్గిందంటే ఏమిటర్థం? బయటికి పోయిందని. ఎక్కడినుంచో పోయిందని. ట్యూబుకు మేకు దిగినవాడు రోజూ పొద్దున్నే గాలి కొట్టించుకుని సంబరపడితే నవ్వుతాం. ఏసీ దగ్గర మాత్రం అదే పని చేసి ‘సర్వీసింగ్’ అంటున్నాం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఏ వ్యవస్థా వంద శాతం బిగుతుగా ఉండదు. రబ్బరు గొట్టాల గోడల్లోంచి, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీల్‌లోంచి ఏటా కొన్ని గ్రాములు జారుతాయి. ఐరోపా సమాఖ్య 2006లో చేసిన నిబంధన ప్రకారం ఒకే కూలింగ్ కాయిల్ ఉన్న కొత్త కారులో ఈ జారుడు ఏడాదికి 40 గ్రాములు మించకూడదు. అంటే గరిష్ఠ హద్దు వరకూ కారినా 450 గ్రాముల బండిలో పావు వంతు పోవడానికి రెండున్నరేళ్ల పైనే పడుతుంది. మంచి బండ్లలో ఇంకా చాలా తక్కువ పోతుంది. ఎనిమిదేళ్ల బండికి ఒకసారి గ్యాసు నింపాల్సి వస్తే అది వయసు. మూడేళ్ల బండికి ప్రతి వేసవీ నింపాల్సి వస్తే అది లీకు. ఈ రెంటికీ తేడా చెప్పనివాడు మెకానిక్కు కాదు, గ్యాసు దుకాణదారు.

ఆచారం ఊరికే పుట్టలేదు లెండి. అంబాసిడర్లకూ ప్రీమియర్ పద్మినీలకూ బయట ఏసీ కిట్లు బిగించుకునే రోజుల్లో ఈ మాటలో కొంత నిజముండేది. అప్పటి గ్యాసు ఆర్-12. గొట్టాలు మామూలు రబ్బరువి. కిట్టు బండికోసం పుట్టింది కాదు కనుక గొట్టాలు పొడుగు, అతుకులు ఎక్కువ, ఇంజన్ ఊపుకు అవి వదులయ్యేవి కూడా. గ్యాసూ చవక. ఏటా కాస్త పోస్తే పనైపోయేది. ఓజోన్ పొరను తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందం ఆర్-12ను సాగనంపింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ అణువు చిన్నది, పాత గొట్టాల్లోంచి సులువుగా జారిపోతుంది. అందుకే లోపల నైలాన్ పొర ఉన్న గొట్టాలు వచ్చాయి, సీళ్లు మారాయి, ఆయిలు మారింది. బండి మారింది, గొట్టం మారింది, గ్యాసు మారింది. తాతగారి డ్రైవరు చెప్పిన మాట మాత్రం మనవడి నోట అలాగే ఉంది.

‘‘మెకానిక్కు గేజీ పెట్టి చూపించాడండీ, గ్యాసు తక్కువే ఉంది’’ అంటారు. ఈ గేజీ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మొత్తం మోసమంతా, అమాయకత్వమంతా దాని ముల్లు మీదే నిలబడి ఉంది. బండి ఆపి ఉన్నప్పుడు, లోపల ఒక్క చెంచాడు ద్రవం మిగిలున్నా చాలు, గేజీ చూపే ఒత్తిడి బయటి వేడిని బట్టే ఉంటుంది, గ్యాసు పరిమాణాన్ని బట్టి కాదు. 30 డిగ్రీల దగ్గర ఆర్-134ఏ సుమారు 97 పీఎస్ఐ చూపిస్తుంది. 40 డిగ్రీల దగ్గర 133 చూపిస్తుంది. నిండు సిలిండరుకైనా అంతే, అడుగున కాస్త మిగిలిన సిలిండరుకైనా అంతే. ముల్లు అంతకంటే బాగా కిందికి పడిందంటే లోపల ద్రవమే లేదని అర్థం, అంటే బండి దాదాపు ఖాళీ. ఆ రెంటికీ మధ్య సగం ఉందో ముప్పావు ఉందో ఆగి ఉన్న బండి గేజీ చెప్పలేదు.

ఇంజన్ నడుస్తున్నప్పుడు పెడితే? అప్పుడు రెండు గేజీలు కావాలి. నీలం గొట్టం తక్కువ ఒత్తిడి వైపు, ఎర్ర గొట్టం ఎక్కువ ఒత్తిడి వైపు. రెండూ తక్కువ చూపిస్తే గ్యాసు తగ్గిందని అనుమానించొచ్చు. రెండూ ఎక్కువైతే గ్యాసు ఎక్కువ పడిందో, కండెన్సర్‌కు గాలి ఆడడం లేదో చూడాలి. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ అయితే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. ఇవి కూడా ఆ రోజు ఎండ ఎంత, ఇంజన్ ఎంత వేగంలో ఉంది, ఫ్యాను తిరుగుతోందా లేదా అన్నవి లెక్కలోకి తీసుకుంటేనే అర్థమవుతాయి. 45 డిగ్రీల ఎండలో కండెన్సర్ 60 డిగ్రీల దగ్గర పని చేస్తుంటే ఎర్ర గేజీ 230 చూపడం మామూలే. చాలా షెడ్లలో జరిగేదేమిటి? నీలం గొట్టం ఒక్కటే తగిలిస్తారు. ముల్లు ఒక గీత దగ్గరికి వచ్చేదాకా టిన్ను వంచుతారు. ‘‘ఫుల్లయింది సార్’’ అంటారు. ఎన్ని గ్రాములు పడింది అని అడగండి. జవాబుండదు.

బానెట్ ఎత్తితే చాలా బండ్లలో లోపల ఒక చిన్న స్టిక్కరుంటుంది. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని దాని మీద రాసుంటుంది. కారు తయారు చేసినవాడు గ్రాముల్లో చెప్పిన దాన్ని మనం ముల్లుతో కొలుస్తున్నాం. సరైన పద్ధతి ఒకటే. లోపల ఎంతున్నా మొత్తం మిషన్‌లోకి లాగి తూచాలి. ఖాళీ చేసి వ్యాక్యూమ్ పెట్టాలి. వ్యాక్యూమ్ నిలుస్తోందో లేదో చూడాలి. ఆ తర్వాత స్టిక్కరు మీదున్నంత, తూకం వేసి నింపాలి. ఈ మొదటి తూకంలోనే సగం విచారణ ముగుస్తుంది. 450 ఉండాల్సిన చోట 430 వచ్చిందనుకోండి, వేడిగాలికి కారణం గ్యాసు కాదు, వేరే చోట వెతకాలి. 180 వచ్చిందనుకోండి, లీకు ఖాయం, అది దొరికేదాకా నింపకూడదు.

వేరే చోట అంటే ఎక్కడ? నా దృష్టిలో మొదటి అనుమానితుడు ఎప్పుడూ కండెన్సరూ దాని ఫ్యానూ. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఈ విచారణ ఎలా చేస్తాడో చూడాలి. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఒక కుర్రాడు బండి ఆపి ‘‘గ్యాస్ కొట్టండి మేస్త్రీ’’ అన్నాడు. ‘‘గ్యాసు సంగతి తర్వాత బాబూ, హైవే మీద చల్లగా వస్తుందా?’’ అని అడిగాడాయన. వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితేనే వేడెక్కుతుంది అన్నాడు కుర్రాడు. పెద్దాయన ఇంక గేజీ జోలికి పోలేదు. ఏసీ ఆన్‌లో ఉంచి, బకెట్లోంచి మగ్గుతో నీళ్లు తీసి గ్రిల్లు సందులోంచి కండెన్సర్ మీద మెల్లగా పోశాడు. ఫ్యాను రెక్కల మీద పడకుండా ఒక పక్కనుంచి, రెండు మగ్గులు. నీళ్లు ఆవిరి చిమ్ముతూ కిందికి కారాయి. ‘‘ఇప్పుడు లోపల చేయి పెట్టి చూడండి’’ అన్నాడు. కుర్రాడి మొహం మారింది. గాలి చల్లబడింది. గ్యాసు లేకపోతే నీళ్లు పోసినా చల్లబడదు కదా! అక్కడ పోయింది ఫ్యాను రెండో స్పీడు. తిరుగుతోంది, కానీ తిరగాల్సిన జోరు లేదు. కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య సందులో దుమ్మూ, పురుగులూ, ఎండుటాకులూ దూది పరుపులా పేరుకున్నాయి. ఆ బండికి గ్యాసు పోసి ఉంటే ఏమయ్యేది? ముందే వేడి వదల్లేక ఉక్కిరిబిక్కిరవుతున్న కండెన్సర్ మీద ఇంకో భారం పడేది.

ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అన్నది ఈ ఆచారానికి పుట్టిన పిల్ల అపోహ. అదనంగా పడిన గ్యాసు కండెన్సర్ అడుగున ద్రవంగా పేరుకుంటుంది. ఆవిరి చల్లబడడానికి మిగిలే చోటు తగ్గుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. ఓ హద్దు దాటాక ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. అప్పుడేం వస్తుంది? వేడిగాలే. పొద్దున చల్లగా ఉండి మధ్యాహ్నం ఎండకు చేతులెత్తేసే బండ్లలో కొన్నిటి కథ ఇదే. వాటిని మళ్లీ షెడ్డుకు తీసుకెళ్తే మళ్లీ ‘గ్యాస్ తక్కువుంది’ అంటారు!

మిగతా అనుమానితుల గురించి త్వరగా చెప్పేస్తాను. గాలి చల్లగానే ఉండి జోరు లేకపోతే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. పాత చిన్న కార్లలో చాలావాటికి ఆ ఫిల్టరే లేదు, దుమ్మంతా నేరుగా కూలింగ్ కాయిల్‌కే పడుతుంది. అరగంట చల్లగా వచ్చి, గాలి సన్నబడి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ బాగుపడితే కాయిల్ మీద మంచు కడుతోంది. ఆన్ చేసినప్పుడు కంప్రెసర్ దగ్గర ‘టక్’ మనే చప్పుడు వినపడకపోతే ఫ్యూజో, రిలేయో, మాగ్నెటిక్ క్లచ్చో చూడాలి. అదే నంబరున్న మరో రిలే పెట్టి చూడడానికి పైసా ఖర్చుండదు. క్లచ్ లేని కంప్రెసర్లున్న కొత్త బండ్లకు ఈ చప్పుడు పరీక్ష పనికిరాదని మాత్రం గుర్తుంచుకోవాలి. అన్నీ బాగుండి వేడిగాలే వస్తుంటే హీటర్ వైపు తెరిచే తలుపు ఇరుక్కుందేమో చూడాలి. ఇక బయటి గాలి లాగే బటన్ నొక్కి ఉంచి రెంటచింతల ఎండలో ఏసీని తిట్టేవాళ్లున్నారు, వాళ్లకు చెప్పేదేమీ లేదు. బండి కింద నీళ్లు కారుతుంటే గ్యాస్ లీకని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. అది గాలిలోని తేమ, ఏసీ బతికుందనడానికి సాక్ష్యం. అసలైన లీకు నీళ్లలా కారదు. గ్యాసుతో పాటు తిరిగే ఆయిలు అక్కడ చెమర్చి, దానికి దుమ్మంటుకుని నల్లటి జిడ్డు మచ్చగా కనిపిస్తుంది. గొట్టాల అతుకుల దగ్గర, కండెన్సర్‌కు రాయి తగిలిన చోట, గ్యాసెక్కించే వాల్వు మూత కింద వేలు పెట్టి చూస్తే చాలాసార్లు దొంగ దొరికిపోతాడు.

ఇంత చెప్పాక కూడా ఒక వాదన మిగులుతుంది, అది బలమైనదే. ‘‘మీరెన్ని చెప్పినా, గ్యాస్ కొట్టించాక చల్లబడింది కదా!’’ నిజమే, చల్లబడింది. కారిపోయినంత మళ్లీ పోశారు కనుక చల్లబడింది. కారుతున్నదనడానికి అంతకంటే రుజువేం కావాలి? కొన్నిసార్లు గ్యాసుకు అసలు సంబంధమే ఉండదు. షెడ్డులోని కుర్రాడు పనిలో పనిగా కండెన్సర్ మీద నీళ్లు కొట్టి కడిగి ఉంటాడు, పేరు గ్యాసుకొచ్చింది.

దాని వెనకే డబ్బు వాదన వస్తుంది. ఏడాదికి ఒకటిన్నర రెండు వేలతో పోయేదానికి డ్యాష్‌బోర్డు విప్పించి వేలకు వేలు పోయడమెందుకు అని. ఈ లెక్కలో ఒక అంకె మర్చిపోతున్నారు. గ్యాసు ఒక్కటే పోదు, దాంతో కంప్రెసర్‌కు ప్రాణమైన ఆయిలూ కొంచెం కొంచెం పోతుంది. గ్యాసు బాగా తగ్గాక మిగిలిన ఆయిలు కంప్రెసర్‌కు తిరిగి రావడమే కష్టమవుతుంది. ఏటా టిన్ను వంచేవాడు ఆయిలు ఎంత పోయిందో కొలవడు. లీకున్న చోటినుంచి, టిన్ను తగిలించిన ప్రతిసారీ, తేమ లోపలికి చేరుతుంది. ఈ బండ్లలో వాడే పీఏజీ ఆయిలు తేమను ఇట్టే పీల్చుకుంటుంది. తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకడుతుంది, లోహాన్ని తినే ఆమ్లం తయారవుతుంది. చివరికి కంప్రెసర్ బిగుసుకుపోయి, దాని లోహపు పొడి గొట్టాలన్నిటిలోకీ పాకిందంటే, కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్, వాల్వు వరసపెట్టి మార్చాలి. మొదట్లో పోయాల్సింది పదుల రూపాయల ఓరింగు ఖరీదూ, దాన్ని వెతికిన మనిషి కూలీను.

ఆ కూలీ ఇవ్వడానికి మనకు మనసొప్పదు. నా కోపం మెకానిక్కుల మీద కంటే బండి యజమానుల మీదే ఎక్కువ. లీకు వెతకడానికి నైట్రోజన్ ఎక్కించి గంటలు ఆగాలి, సబ్బు నురగ రాయాలి, కాయిల్ అయితే సగం రోజు విప్పాలి. అంతా చేసి ‘‘ఇదిగో ఈ రింగు’’ అని చూపిస్తే ‘‘ఈ రింగుకు ఇంత బిల్లా!’’ అంటాం. అదే టిన్ను వంచితే నోరెత్తకుండా ఇస్తాం. వస్తువుకిచ్చే డబ్బు కళ్లకు కనిపిస్తుంది, బుర్రకిచ్చే డబ్బు దండగనిపిస్తుంది. మెకానిక్కు మనం మెచ్చే పని నేర్చుకున్నాడు. రెండో కొసన పెద్ద సర్వీసు సెంటర్లున్నాయి, అక్కడ ‘కంప్రెసర్ మార్చాలి’ అన్న తీర్పు గేజీ తగిలించకముందే వచ్చేస్తుంది. టిన్ను వంచడం, కంప్రెసర్ మార్చడం, రెండిటికీ మధ్య ఆలోచించడం అనేదొకటి ఉందని ఇద్దరికీ గుర్తుండదు.

డాలసులోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు తెలివిమీరారని అనుకోకండి. అక్కడ విడిభాగాల దుకాణంలో పన్నెండు ఔన్సుల టిన్ను, దానికో గొట్టం, గొట్టానికి ఆకుపచ్చ గీతున్న బుల్లి గేజీ అమ్ముతారు. శనివారం పొద్దున గ్యారేజీలో ఎవరికి వారే పోసుకుంటారు. అదీ తక్కువ ఒత్తిడి వైపే, అదీ ముల్లు లెక్కే. టిన్ను విప్పాక మిగిలింది గాలిలో కలవకూడదని 2018 జనవరి నుంచి తనంతట తానే మూసుకునే వాల్వు ఉన్న టిన్నులే తయారు చేయాలన్నారు. టిన్నుకు మూత పడింది, బండిలోని చిల్లికి పడలేదు.

గాలిలో కలిస్తే మాత్రం ఏమవుతుందిలే అనేవాళ్లకు ఒక లెక్క. ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు, కానీ వందేళ్ల లెక్కన కిలోకి కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు తగ్గకుండా భూమిని వేడెక్కిస్తుంది. ఒక చిన్న కారులోని 400 గ్రాములు వదిలేస్తే అది 200 లీటర్లకు పైగా పెట్రోలు కాల్చినట్టు. ‘పాత గ్యాస్ వదిలేసి ఫ్రెష్‌గా కొడతాం సార్’ అన్న మాటకు అసలు అర్థం అదీ. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. 2028 నుంచి ఈ జాతి గ్యాసుల వాడకానికి పరిమితి, 2032 నుంచి కోత మొదలవుతాయి. చవక గ్యాసు కాలం చెల్లుతోంది. గిరాకీ తగ్గని చోట సరుకు తగ్గితే కల్తీ దిగుతుంది. ఆర్-134ఏ పేరుతో మిథైల్ క్లోరైడ్ కలిపి అమ్మిన సరుకు అల్యూమినియంతో చర్య జరపడంతో 2011లో ఓడ కంటెయినర్ల శీతల యంత్రాలు పేలి కార్మికులు చనిపోయారు. మన కండెన్సరూ కాయిలూ కూడా అల్యూమినియమే.

కాబట్టి ఈ వేసవికి షెడ్డుకు వెళ్లినప్పుడు ‘గ్యాస్ కొట్టవయ్యా’ అనకుండా బిల్లు మీద మూడంకెలు రాయమనండి. బండిలోంచి తీసిన గ్రాములెన్ని, నింపిన గ్రాములెన్ని, వ్యాక్యూమ్ ఎన్ని నిమిషాలు నిలిచింది. వెతికిన కూలీ ఎంతైనా ఇస్తానని ముందే చెప్పండి. రాయడం కుదరదంటే బండి వెనక్కి తిప్పండి. ఆటోనగర్‌లో షెడ్లకేం కరువు?